బల్ల మీది ఆటలో వింత పాత్రను పుట్టించి, పది ఆదివారాలు నడిపించడం ఎలా?

నల్లగొండలో ఒక డాబా ఇంటి పైగదిలో ఆదివారం మధ్యాహ్నాలు మా 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆట సాగుతుంది. ఐదుగురం. నలుగురు పాత్రలు ఆడతారు, ఒకరు కథ నడుపుతారు. మొదట్లో మా దగ్గర 20 ముఖాల పాచిక లేదు. 1 నుంచి 20 వరకు చిట్టీలు రాసి స్టీలు డబ్బాలో వేసి, మూత పెట్టి ఊపి, ఒకటి తీసేవాళ్ళం. తీసిన చిట్టీని మళ్ళీ డబ్బాలో వేయకపోతే లెక్కంతా చెడుతుందని మూడో వారానికి గాని మాకు తట్టలేదు.

ఆ డబ్బా రోజుల్లో నేను ఆడిన మొదటి పాత్ర ఒక మాంత్రికుడు. సామెతల్లో తప్ప మాట్లాడడు. మొదటి అరగంట అందరూ పడీ పడీ నవ్వారు. రెండో గంటలో మేమున్న గుహ కూలడం మొదలైంది. దారి చూసే మంత్రం నా ఒక్కడికే వచ్చు. "ఎటు పోదాం?" అని అడిగారు. "ఆలస్యం అమృతం విషం" అన్నాను. "అది సరే, కుడికా ఎడమకా?" దారి చెప్పే సామెత ఒక్కటీ నాకు గుర్తు రాలేదు. ఆ మాంత్రికుడు ఆ వారమే రాళ్ళ కింద పోయాడు. ఎవరూ కన్నీరు పెట్టలేదు, నేను కూడా.

వాడిలో తప్పు ఎక్కడుందో అర్థం కావడానికి మరో రెండు పాత్రలు పట్టాయి. వింత అంతా నాలుక మీదే ఉంది. వాడికి కావలసినదేదీ లేదు, దాని వల్ల వాడు పోగొట్టుకున్నదీ లేదు, పక్కవాళ్ళకు దానితో చేసేదీ లేదు. ఈ మూడూ ఉన్న పాత్రను ఎలా తయారుచేసుకోవాలో, తయారయ్యాక బల్ల దగ్గర ఎలా నిలబెట్టాలో చెబుతాను.

ఆట తెలియనివారికి రెండు ముక్కలు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి తెచ్చిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఈ తరహా ఆటలకు పెద్దన్న. బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్కరు ఒక్కో పాత్ర తరఫున మాట్లాడతారు. గేమ్ మాస్టర్ లోకాన్ని, శత్రువులను, దారిన పోయే దానయ్యలను నడుపుతాడు. ఫలితం తేలని చోట పాచిక వేస్తారు. ప్రాథమిక నియమాలు ఉచితంగానే దొరుకుతాయి. కింద చెప్పే లెక్కలన్నీ 2014లో వచ్చిన ఐదో ఎడిషన్‌వి. మీరు వేరే ఆట ఆడుతున్నా పద్ధతి పెద్దగా మారదు.

ముందు బల్ల సంగతి కనుక్కోండి

పాత్ర గురించి ఆలోచించే ముందు గేమ్ మాస్టర్‌కు ఫోను చేయండి. కథ ఎలాంటిది, నవ్వుకు ఎంత చోటుంది, మిగతావాళ్ళు ఏం ఆడుతున్నారు అని అడగండి. కరువు, వలస, శిథిలమైన కోట మీద ఒక బరువైన కథ అల్లుకుని కూర్చున్న మనిషి ముందుకు మీరు తలపై కోడిని మోసే వీరుడితో వెళితే ఇద్దరికీ నష్టమే. అలాగే నలుగురూ వింతవాళ్ళయితే ఆశ్చర్యపోవడానికి ఎవరూ మిగలరు. ఒకరు, మహా అయితే ఇద్దరు.

బుర్రకథ చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. ఇద్దరు వంతల్లో ఒకరిది హాస్యం. అతను మాటమాటకూ అడ్డుపడతాడు, వెక్కిరిస్తాడు, ఊరి సంగతులు దూరుస్తాడు. కానీ కథకుడు ఏడిపించే ఘట్టం వచ్చిందంటే డక్కీ మీద చేయి వేసి తందానా అనడమే అతని పని. వింత పాత్ర ఆడేవారికి అంతకు మించిన గురువు లేడు.

వింతను ఎక్కడ వెతకాలి

ఇంటర్నెట్‌లో వంద వింత లక్షణాల జాబితాలు దొరుకుతాయి. నేను వాటిని చదవడం మానేశాను. భూతాలకు భయపడే భూతవైద్యుడు, రక్తం చూస్తే పడిపోయే కసాయి, అన్నీ ఇలా తలకిందులు చేసిన బొమ్మలే. మన చుట్టూ అంతకంటే మంచివి ఉన్నాయి.

నల్లగొండ పక్కనే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. గర్భగుడిలో పగలంతా ఒక స్తంభం నీడ కదలకుండా కనిపిస్తుంది. సూర్యుడు తిరుగుతాడు, నీడ తిరగదు. దీన్ని ఒక మనిషికి అంటగట్టండి. నీడ కదలని దొంగ. అతను గోడ చాటుకు తప్పుకున్నా నీడ ఇంకా వీధిలోనే నిలబడి ఉంటుంది. దాక్కోవడమే బతుకైన వాడికి ఇంతకంటే ఇబ్బంది ఏముంటుంది? వింతలోనే నష్టం కలిసి వచ్చింది, విడిగా వెతకనక్కరలేదు.

మా బల్ల మీద ఒకామె ఆడే పాత్ర ఒక పాటగత్తె, ఆట భాషలో బార్డ్. ఆమెది మహబూబ్‌నగర్. పిల్లలమర్రి చెట్టును తలచుకుని తన పాత్రను రాసుకున్నానని చెప్పింది. ఊడలన్నీ మానులై అసలు మొదలు ఏదో తెలియకుండా పోయినట్టు, ఈ పాటగత్తె వంశంలో ఎవరు ఎవరికి ఏమవుతారో ఎవరికీ తెలియదు. అందుకని ఎదురుపడిన ప్రతివాడితో వరస కలుపుతుంది. కాపలా సైనికుడు బాబాయి. సత్రం యజమానురాలు వదిన. వంతెన కింది రాక్షసుడిని "బావా" అని పిలిచి, మీ అమ్మగారి ఊరు ఏదని అడిగింది. ఒకసారి వరస కలిపాక వారి ఇంట ఒక పూట తినకుండా వారి మీద కత్తి ఎత్తకూడదన్నది ఆమె తనకు పెట్టుకున్న కట్టు. రాక్షసుడు ఆ పూట ఏం వండాడో ఇక్కడ చెప్పను.

వింత ఒక్కటే పెట్టుకోండి. రెండు పెడితే ఒకదాన్నొకటి తినేస్తాయి. నీడ కదలని దొంగ సామెతల్లో కూడా మాట్లాడతాడంటే ఇక అతను మనిషిగా కనిపించడు, సంతలో గారడీలా కనిపిస్తాడు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఎదుటివారి యాస, నత్తి, కుంటితనం, కులం, మతం వింతలు కావు. తెలుగు సినిమాలు ఎన్నో ఏళ్ళు మన ప్రాంతపు మాటను రౌడీలకు, నవ్వించేవాళ్ళకు ఇచ్చి, నాయకుడికి మాత్రం వేరే మాట ఇచ్చాయి. థియేటర్‌లో కూర్చుని మన అమ్మమ్మ మాటకు పక్కవాళ్ళు నవ్వుతుంటే ఎలా ఉంటుందో నల్లగొండలో, పాలమూరులో పెరిగినవారికి తెలుసు. ఆ పనే మళ్ళీ మనం బల్ల మీద చేయడం దేనికి? యాసతో ఆడాలని సరదా ఉంటే తిప్పి చూడండి. మా గేమ్ మాస్టర్ కథలో మహారాజు, ఆస్థాన పండితులు అచ్చమైన పాలమూరు మాట మాట్లాడతారు. పాఠ్యపుస్తకంలా మాట్లాడేది ఒక్క దొంగ వైద్యుడు మాత్రమే. "తమరి నాడీ గమనము ఆందోళనకరముగా ఉన్నది" అని అతను అన్నప్పుడల్లా మేము జేబులు తడుముకుంటాం.

వేరు ఎక్కడ నాటాలి

ఇప్పుడు నా పాత్ర. పేరు బాకీల భద్రయ్య, పొట్టిగా గట్టిగా ఉండే డ్వార్ఫ్ జాతి, వృత్తి క్లెరిక్, అంటే దైవశక్తితో గాయాలు మాన్పేవాడు. వింత: ఎవరు ఎవరికి ఏం చేసినా పుస్తకంలో పద్దు రాస్తాడు. గాయం మాన్పితే రాస్తాడు. ఎవరైనా తనకు చేయి అందించి లేపినా రాస్తాడు.

ఇంతవరకే అయితే అతను ఒక పిసినారి, అంతే. అందుకే ఎందుకు అన్న ప్రశ్న వేసుకోవాలి. వచ్చిన మొదటి జవాబును పక్కన పెట్టండి, అది ఎక్కడో చూసినదై ఉంటుంది. నాకు మొదట వచ్చింది 'డబ్బంటే ఆశ'. రెండోది 'మతిమరుపు'. మూడోసారి గాని అసలైనది రాలేదు. భద్రయ్య తండ్రి ఒక షావుకారు దగ్గర అప్పు చేసి, తెల్ల కాగితం మీద వేలిముద్ర వేశాడు. తీర్చిన ప్రతి పైసా నోటి మాటగానే పోయింది. చివరకు కాగితం మీద షావుకారు రాసిందే మిగిలింది, పొలం పోయింది. అప్పటి నుంచి భద్రయ్యకు రాయని మాటంటే భయం. దక్షిణ తెలంగాణలో ఈ కథను ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. బల్ల దగ్గర ఒక్క వాక్యం చెప్పాను, అందరూ తలలూపారు.

2014 ఐదో ఎడిషన్ క్యారెక్టర్ షీట్‌లో, అంటే పాత్ర వివరాలు రాసుకునే కాగితంలో, దీనికి నాలుగు గళ్ళు ఉంటాయి: స్వభావం, ఆదర్శం, బంధం, లోపం. చాలామంది నాలుగింటిలో నాలుగు వేర్వేరు కథలు రాస్తారు. అలా కాకుండా ఒకే వేరుకు నాలుగు కొమ్మలు రానివ్వండి. భద్రయ్యవి ఇవి: ప్రతిదీ రాస్తాను, రాసిన మాట రాజుకైనా ఒకటే, నాన్న వేలిముద్ర వేసిన కాగితాన్ని వెతికి పట్టుకోవాలి, తీరని బాకీ ఉండగా నిద్రపోలేను.

అంకెలకు కూడా నోరుంటుంది

ఆరు సామర్థ్యాలకు పంచుకోవడానికి ఆట ఇచ్చే సిద్ధమైన అంకెలు 15, 14, 13, 12, 10, 8. పాచికలు వేసి తెచ్చుకునే పద్ధతీ ఉంది కానీ కొత్తవారికి ఇదే మేలు. క్లెరిక్ కాబట్టి వివేకానికి 15 ఇచ్చాను, దేహదారుఢ్యానికి 14. అసలు ఆసక్తికరమైనది 8. దాన్ని ఎక్కడ పారేయాలా అని చూడకండి, మీ వింత ఎక్కడ కనిపించాలో అక్కడ పెట్టండి. నేను చురుకుదనానికి పెట్టాను. పోరాటంలో ఎవరు ముందు కదలాలో తేల్చేది చురుకుదనమే. 8 ఉంటే ఆ సామర్థ్యానికి వేసే ప్రతి పాచికలో 1 తగ్గుతుంది. అంటే భద్రయ్య పుస్తకం మూసి, దారం చుట్టి, సంచిలో పెట్టేలోపే గొడవ మొదలైపోతుంది. వేరే నటన అక్కరలేదు, అంకే నటిస్తుంది.

అయితే వింత పేరుతో పనికిమాలిన పాత్రను మాత్రం చేయకండి. ఓ మాదిరి కష్టమైన పనికి 15 రావాలనుకుందాం. 20 ముఖాల పాచికతో, సామర్థ్యం 8 ఉన్నవాడికి 16 లేదా పైన పడాలి: నూటికి 25 సార్లు. 15 ఉన్నవాడికి 2 కలుస్తుంది, ఆ పనిలో శిక్షణ ఉంటే, పాత్ర కొత్తగా మొదలయ్యే మొదటి స్థాయిలో మరో 2. అప్పుడు 11 చాలు: నూటికి 50. మీ పాత్ర ఏదో ఒక పనిలో ఈ సగం పాళ్ళ మనిషి అయి తీరాలి. పదిసార్లు తప్పితే నవ్వు రాదు, విసుగు వస్తుంది. మిగతా ముగ్గురు మిమ్మల్ని మోయడానికి రాలేదు.

ధర కట్టండి

మొదటి స్థాయి క్లెరిక్‌కు మొదటి స్థాయి మంత్రాలు వేసే అవకాశం రోజుకు రెండుసార్లే. ఆ రెండింటి చుట్టే భద్రయ్య నడుస్తాడు. ఒక ఆదివారం ఏం జరిగిందో చెబుతాను.

గోబ్లిన్లు, అంటే ఆ లోకపు పొట్టి రాక్షసులు, అతన్ని పట్టుకుని గుంటలో పడేశారు. రాత్రి కాపలా ఉన్న ఒక పిల్ల గోబ్లిన్ ఎవరూ చూడకుండా ముంతతో నీళ్ళు ఇచ్చింది. నేను ఎదురుగా ఉన్న పుస్తకం తెరిచి రాశాను. నిజమైన పుస్తకమే, గడియారం సెంటర్ దగ్గర కొన్నది, ఎర్ర గుడ్డ అట్ట, కిరాణా కొట్లలో ఉండే పొడవాటి ఖాతా. తెల్లారి మావాళ్ళు వచ్చి దాడి చేశారు. గెలిచాం. కత్తివీరుడు ఆడే మిత్రుడు నేల మీద పడి ఉన్న చివరి గోబ్లిన్ మీదికి కత్తి ఎత్తానన్నాడు.

"ఆగు. ఒక పద్దు ఉంది" అన్నాను.

"ఎవరిది?"

పుస్తకం చదివాను. "ముంతెడు నీళ్ళు. ఇచ్చినవారి పేరు తెలియదు."

"నీళ్ళకు ప్రాణం బదులా?"

"నాకు దాహమేసిన వేళ దాని ధర అంతే."

ఇరవై నిమిషాలు వాదించుకున్నాం. పాటగత్తె మధ్యలో దూరి గోబ్లిన్ తనకు మేనల్లుడి వరస అవుతుందని తేల్చింది. చివరకు భద్రయ్య మిగిలిన ఒకే ఒక మంత్రాన్ని గోబ్లిన్ మీద వేసి, గాయం మాన్పి, పద్దు కొట్టేశాడు. పక్క గదిలో ఇంకా శత్రువులున్నారు. అక్కడ కత్తివీరుడు దెబ్బ తిని పడిపోయాడు. నేను గది అవతల ఇద్దరి మధ్య ఇరుక్కుని ఉన్నాను, చేతిలో మంత్రం లేదు. అలా పడిపోయినవాడు తన వంతు వచ్చినప్పుడల్లా పాచిక వేయాలి. 10 లేదా పైన మూడుసార్లు పడితే నిలుస్తాడు, తక్కువ మూడుసార్లు పడితే పోతాడు. మిత్రుడు వేశాడు: 12. 7. 15. 4. గదిలో ఎవరూ మాట్లాడలేదు. కింద వీధిలో ఉల్లిపాయల ఆటో అరుపు వినిపిస్తోంది. 11.

అతను పాచికను బల్ల మీద పెట్టి నా వైపు చూశాడు. "రాసుకో. నా పేరున కాదు, నీ పేరున."

ధర అంటే ఇదే. మీ వింత వల్ల అప్పుడప్పుడు మీకు నిజంగా నష్టం జరగాలి, ఆ నష్టం ఎదుటివారిని కథలోకి లాగాలి. ఆ పాచికల దాకా భద్రయ్య వేళాకోళం. ఆ తర్వాత బల్ల మీద అతని పుస్తకం తెరుచుకుంటే మాటలు తగ్గేవి.

దీనితో పాటే మరో పని చేయండి. ఆట మొదలయ్యే ముందే ప్రతి ఆటగాడితోనూ మీ వింతకు ఒక ముడి వేసుకోండి. కత్తివీరుడు భద్రయ్యకు పాత బాకీదారు. పాటగత్తె పుస్తకంలో దొంగ పద్దులు రాస్తుంది, అతనికి తెలియదు, నాకు తెలుసు. నాలుగో ఆటగాడు అడవి వేటగాడు, అతనికి చదువు రాదు. భద్రయ్య రాసింది చదివించుకోవడానికి ప్రతిసారీ వేరేవారి దగ్గరికి వెళతాడు. ఈ మూడు ముడులకు పట్టింది పదిహేను నిమిషాలు.

బల్ల దగ్గర

మొదటి పరిచయంలో కథ చెప్పకండి. పని చేసి చూపండి. "మా నాన్న చిన్నప్పుడే..." అని మొదలుపెడితే ఎవరో ఒకరు ఫోను తీస్తారు. నేను సత్రంలోకి వచ్చి, కత్తివీరుడు జరిగి చోటిస్తే కూర్చుని, అతని పేరు అడిగి పుస్తకంలో రాసుకున్నాను. "ఏం రాశావు?" అన్నాడు. "కూర్చోవడానికి జానెడు చోటు." అంతే, పాత్ర పరిచయమైపోయింది.

గొంతు మార్చడం రాకపోతే మానండి. మూడు గంటలు గొంతు నొక్కి మాట్లాడితే మర్నాడు కాలేజీలోనో ఆఫీసులోనో పలకలేరు. ఒక చిన్న కదలిక చాలు: రాసేముందు కలం మొన నాలుకకు తాకించడం, కోపం వస్తే పుస్తకం మూసేయడం.

మోతాదు మాటకు వస్తే, మూడు గంటల ఆటలో వింత మూడుసార్లు వెలిగితే ఎక్కువ. ఒకసారి నవ్వుకు, ఒకసారి ఎవరో అడిగినందుకు, ఒకసారి నష్టానికి. మిగతా సమయమంతా మామూలు మనిషిగా ఉండండి, ఇతరుల మాట వినండి. నేను పుస్తకం మూల ఒక గీత గీస్తుంటాను. మూడు గీతలు పడ్డాయంటే పుస్తకం బల్ల కిందికి వెళుతుంది. మీ స్వభావానికి, లోపానికి తగ్గట్టు ఆడినప్పుడు గేమ్ మాస్టర్ 'ఇన్‌స్పిరేషన్' ఇవ్వవచ్చు. దాన్ని తర్వాత ఎప్పుడైనా ఖర్చుపెట్టి రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవచ్చు. దాని కోసమే వింతను సాగదీస్తే మాత్రం బల్ల అంతటికీ తెలిసిపోతుంది.

"నా పాత్ర అంతే, నేనేం చేయను" అన్న మాట మీ నోట వచ్చిందంటే ఆగండి. తోటివాళ్ళ సంచులు దోచుకునేవారు, నిద్రపోతున్న డ్రాగన్‌ను లేపేవారు ఈ మాట ఎక్కువగా అంటారు. పాత్రను రాసింది మీరే, మార్చేదీ మీరే. భద్రయ్య నిజానికి పిల్ల గోబ్లిన్ కోసం సొంతవాళ్ళ మీద కర్ర ఎత్తాల్సిన మనిషి. నేను ఎత్తించలేదు, వాదింపజేశాను. వాదనలో అందరికీ చోటుంది.

ఎవరి ముఖమైనా మాడినట్టు కనిపిస్తే టీ విరామంలో నేరుగా అడగండి. పాత్ర గొంతుతో కాదు, మీ గొంతుతో.

పాత్ర కదలనివ్వండి

నాలుగైదు ఆదివారాల తర్వాత వింత అరిగిపోతుంది. అప్పుడు కొత్త వింత అతికించకండి, పాతదానికే గాయం చేయండి. మా గేమ్ మాస్టర్ ఎనిమిదో వారం పుస్తకాన్ని నదిలో పడేసింది. మూడు వారాలు భద్రయ్య గుర్తున్న బాకీలను చేతి మీద, చొక్కా మీద, ఒకసారి పాటగత్తె వీణ మీద రాశాడు. తర్వాత కొత్త పుస్తకం కొన్నాను. అందులో మొదటి పుట ఖాళీగా వదిలాడు. ఎందుకని ఎవరైనా అడుగుతారని చూశాను. వేటగాడు అడిగాడు.

పదకొండు నెలలకు భద్రయ్య వంతెన మీద శత్రువుకు అడ్డంగా నిలబడిపోయాడు. ఈసారి పాచికలు 3, 9, 6. చనిపోయిన పాత్ర వస్తువులు ఎవరికి చెందాలో ముందే చెప్పి ఉంచడం మంచిది, లేకపోతే ఆ దుఃఖంలో పంపకాల గొడవ వస్తుంది. నేను చెప్పే ఉంచాను: పుస్తకం కత్తివీరుడికి. మిత్రుడు దాన్ని నిజంగానే ఇంటికి పట్టుకుపోయాడు. తర్వాతి ఆదివారం తెచ్చి, కలం అడిగి, లోపల చాలా పద్దులు కొట్టేశాడు. భద్రయ్య పేరున ఉన్నదాన్ని మాత్రం అలాగే ఉంచాడు. బాకీ ఉన్నంతవరకు లెక్క మూసినట్టు కాదని చెప్పి, పుస్తకాన్ని సంచిలో పెట్టుకున్నాడు.